డబ్బా మూత లోపల అంటించే కాగితానికి కవర్ పేజీ ఎందుకు సార్?

ప్రశ్న: టెక్నికల్ రైటింగ్ పోటీల్లో చదివేవాళ్లకు బాగా అర్థమయ్యేలా రాసినవాళ్లను వదిలేసి, చూడ్డానికి అందంగా తయారు చేసినవాళ్లకే బహుమతులు ఇస్తారా?

ఇస్తారు. నేనే ఇచ్చాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదమూడేళ్లుగా మాన్యువల్స్ రాస్తున్నాను. ఊళ్లో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని తప్పించుకుంటాను. ఒకసారి అసలు సంగతి చెబితే మా చిన్నమ్మ "ఎట్ల వాడాల్నో రాసుటానికి గూడ జీతమిస్తరా?" అంది. అప్పటి నుంచి చెప్పడం మానేశాను. సొంతూరు పరకాల దగ్గర. రెండేళ్ల కింద మన వైపే ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు టెక్ ఫెస్ట్ పెట్టి, టెక్నికల్ రైటింగ్ పోటీకి జడ్జిగా రమ్మన్నారు. లోకల్ మనిషి, పైగా పట్నంలో ఇదే ఉద్యోగం అని ఎవరో చెప్పారట. సంతోషంగానే వెళ్లాను.

పోటీ ఏమిటంటే, బోరు మోటర్లకు పెట్టే మొబైల్ స్టార్టర్ ఎలా వాడాలో రైతుల కోసం తెలుగులో రాయాలి. పట్నం వాళ్లకు ఈ డబ్బా తెలియకపోవచ్చు. స్టార్టర్ లోపల ఒక సిమ్ ఉంటుంది. ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్ చేస్తే పొలం కాడ మోటరు నడుస్తుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. మోటరుకు కావాల్సిన మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు లేక మోటరు ఉత్తగా తిరిగినా దానంతట అదే ఆపేస్తుంది, మోటరు లోపలి వైండింగ్ తీగ కాలకుండా. ఇంతకుముందు కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలియక అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. కరెంటు రాగానే మోటరు లేచేది, మనిషి లేవనక్కర లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలయ్యాక, అవసరం ఉన్నా లేకున్నా బోర్లు నడుస్తూనే ఉంటాయి, నీళ్లు అడుగంటుతాయి, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం వాళ్లు ఊరూరా చెప్పారు. కొందరు తీశారు, కొందరు తీయలేదు. అది వేరే పంచాయితీ.

మొత్తం 18 ఎంట్రీలు వచ్చాయి. మాకున్నది గంటన్నర. అంటే ఒక్కోదానికి అయిదు నిమిషాలు. అందులోనే సమోసా, ఛాయ్, శాలువా. జడ్జీలం ముగ్గురం. ఒక సీనియర్ ప్రొఫెసర్, స్పాన్సర్ తరఫున వచ్చిన ఒకాయన, నేను. చేతికి మార్కుల షీట్ ఇచ్చారు. ప్రెజెంటేషన్‌కు 30, డిజైన్‌కు 20, భాషకు 20, కంటెంట్‌కు 20, ఇన్నోవేషన్‌కు 10. మోటరు ఎలా నడపాలో చెప్పే కాగితంలో ఇన్నోవేషన్ ఏముంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివి ఎవరైనా మోటరు నడిపారా అనే గడి మాత్రం షీట్‌లో ఎక్కడా లేదు. ఆ రోజు అది నాకూ తట్టలేదు.

ఫస్ట్ ప్రైజ్ వచ్చింది 28 పేజీల పుస్తకానికి. ఆర్ట్ పేపర్, మొత్తం కలర్. అట్ట మీద పచ్చటి వరి పొలం, దాని మీదుగా ఎగిరే డ్రోన్, బంగారు రంగు అక్షరాల్లో పేరు. స్టార్టర్ డబ్బా పుస్తకం మీద డ్రోన్ ఎందుకని ఎవరం అడగలేదు. నేను 86 మార్కులు వేశాను. మిగతా ఇద్దరూ ఇంకా ఎక్కువే వేసి ఉంటారు.

అదే వరుసలో పాలిటెక్నిక్ నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. వాళ్లు తెచ్చింది ఒకే ఒక్క ఏ4 కాగితం, లామినేషన్ చేయించి. తెల్ల కాగితం మీద లావుపాటి నల్లటి అక్షరాలు. మూడే శీర్షికలు: మోటరు నడపాలంటే, నంబరు మార్చాలంటే, మోటరు నడవకపోతే. ప్రొఫెసర్ గారు అటూ ఇటూ తిప్పి, "కవర్ పేజీ ఏదమ్మా?" అన్నారు. అందులో ఒకమ్మాయి "ఇది డబ్బా మూత లోపల అంటించేది సార్. కవర్ పేజీ ఎందుకు సార్?" అంది. హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. 58 మార్కులు వేసి, పక్కన "ఇంకొంచెం శ్రద్ధ పెట్టాల్సింది" అని రిమార్కు కూడా రాశాను. ఆ రిమార్కు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

తెల్లారి ఆదివారం ఊరికి పోయాను. ఎంట్రీల కాపీలు బ్యాగులోనే ఉన్నాయి. మా కాక అంతకుముందు ఎండాకాలం పరకాలలో, పోటీకి ఇచ్చిన కంపెనీ స్టార్టరే కొన్నాడు. మా తమ్ముడే దాన్ని రాతి కడీకి బిగించి, తన ఫోన్ నంబర్ పెట్టుకున్నాడు. మూడు నెలలకు వాడు దుబాయ్ పోయాడు. ఇప్పుడు కాక ఫోన్ చేస్తే డబ్బా ఉలకదు పలకదు, దానికి వాడి నంబరే తెలుసు. వాడి ఇండియా సిమ్ ఎక్కడుందో వాడికే తెలియదు. దాంతో ఏడు నెలలుగా కాక పొద్దునా మాపునా బోరు కాడికి నడిచిపోయి బటన్ నొక్కి వస్తున్నాడు. డబ్బాలోని సిమ్‌కు రీచార్జి మాత్రం తప్పకుండా చేయిస్తున్నాడు, ఖరాబవుతుందేమోనని.

"నీ పని గిదే గదా, జర చూడురా" అన్నాడు. నాకు చేయడం వచ్చు. కానీ బ్యాగులో ఆ రెండూ ఉన్నాయి కదా, ముందు ఆయన చేతికే ఇచ్చి చూద్దామనిపించింది.

మొదట ఫస్ట్ ప్రైజ్ పుస్తకం ఇచ్చాను. చేత్తో నిమిరి చూసి, "పెండ్లి పత్రిక లెక్కున్నదిరా" అన్నాడు మెచ్చుకుంటూ. తెరిచాడు. మొదటి పేజీలో ముందుమాట. తర్వాత టీమ్ ఫొటోలు. తర్వాత "ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ – ఒక పరిచయం". బోరు కాడ తుమ్మ చెట్టు నీడ ఉంటుంది గానీ పన్నెండింటికి అది చెట్టు మొదట్లోనే ఉంటుంది. ఎండకు ఆర్ట్ పేపర్ అద్దంలా మెరుస్తోంది. లేత ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. కాక పుస్తకాన్ని వంచాడు, దూరం పెట్టాడు, చివరికి తన నీడ దాని మీద పడేలా తిరిగి నిలబడ్డాడు. ఆయన చదివింది ఏడో తరగతి, కూడబలుక్కుని పైకి చదువుతాడు.

"వి-ని-యో-గ-దారుడు తన అ-ధీ-కృత సంఖ్యను పునర్... పునర్నిర్దేశించుకొనుటకు... గిదేం సంఖ్యరా?"

"నంబరే, కాక."

"మరి నంబరు అనొచ్చు గద! నంబరు అంటె ఎవ్వలకు తెల్వదు?"

అది 19వ పేజీ. ఆ పేజీ నేను తీసి ఇస్తేనే దొరికింది. ఆయన్నే వెతుక్కోమంటే డ్రోన్ బొమ్మ కాడే ఆగిపోయేవాడు.

తర్వాత లామినేషన్ కాగితం ఇచ్చాను. కంటి వెలుగులో ఇచ్చిన కళ్లద్దాలు సర్దుకుని, చెయ్యి చాచి పట్టుకుని చదివాడు. "నల్ల బటన్‌ను నొక్కి పట్టుకోండి. ఎర్ర లైటు మూడుసార్లు కొట్టుకుంటుంది. అప్పుడు వదలండి. కొత్త ఫోన్ నుంచి డబ్బాలోని సిమ్‌కు ఫోన్ చేయండి. ఫోన్ అదే కట్ అవుతుంది. పచ్చ లైటు వెలిగితే పని అయిపోయినట్టు." ఒక్క మాట కూడా నన్ను అడగలేదు. నేరుగా పోయి బటన్ నొక్కాడు.

నొక్కి పట్టుకునే ఉన్నాడు. లైటు కొట్టుకోవడం లేదు. నాకు విషయం తెలిసిపోయింది. డబ్బా ముందు ఎరుపు, పసుపు, నీలం అని మూడు పెద్ద లైట్లు ఉంటాయి, మూడు ఫేజులకు. కరెంటు ఉన్నంతసేపు అవి వెలుగుతూనే ఉంటాయి. కాక చూస్తున్నది ఆ పెద్ద ఎర్ర లైటును. కొట్టుకునేది బటన్ పక్కన ఆవగింజంత ఉన్న ఇంకో ఎర్ర లైటు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మా వృత్తిలో ఒక నియమం ఉంది: పరీక్ష పెట్టినప్పుడు రాసినవాడు నోరు తెరవకూడదు. మోటరు లేవక మడి ఎండుతుంటే, పక్కన కాక చెమటలు కక్కుతుంటే నోరు మూసుకుని నిలబడడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

రెండోసారి నొక్కినప్పుడు ఆయనే కనిపెట్టాడు. "ఎర్రయి రెండున్నయి గదరా! ఏ ఎర్రదో రాయలే గీ పొల్ల." మూడోసారికి అయిపోయింది. ఫోన్ చేశాడు, కట్ అయింది, పచ్చ లైటు వెలిగింది. మళ్లీ ఫోన్ చేశాడు. మోటరు గుయ్యిమంది, పైపు దగ్గి దగ్గి నీళ్లు కక్కింది. మొత్తం పది నిమిషాలు పట్టిందేమో. ఏడు నెలల నడక ఆ పది నిమిషాలతో ఆగిపోయింది.

ఒక్క కాకతో ఏం తేలుతుందని అడుగుతారు. వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్ అనే ఆయన అయిదుగురితో పరీక్షిస్తే చాలని 2000లోనే రాశాడు. నాకు దొరికింది ఒక్కరే. మిగతా నలుగురూ నాట్లకు పోయారు. ఆ ఒక్కరితో తేలింది నాకు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. అందం మీద నాకు పగ లేదు. అక్షరం పెద్దగా ఉండడం, మధ్యలో ఖాళీ ఉండడం, నలుపు తెలుపు తేడా కొట్టొచ్చినట్టు కనబడడం, ఇవన్నీ కూడా చూపుకు సంబంధించినవే. ఆ అమ్మాయిల కాగితంలో ఇవన్నీ ఉన్నాయి, అందుకే కాక చదవగలిగాడు. కానీ కనబడడం వేరు, మెరవడం వేరు. జడ్జి ఎందుకు మెరుపుకు పడతాడంటే, ఆ కాగితంతో అతనికి పని లేదు. నాకు ఆ హాల్లో నడపాల్సిన మోటరు లేదు, ఎండే మడి లేదు, దుబాయ్ పోయిన తమ్ముడి నంబరూ అడ్డం లేదు. ఏసీలో కూర్చున్నాను. పని లేనివాడు కాగితాన్ని చూస్తాడు, పని ఉన్నవాడు వాడతాడు. పోటీల్లో కూర్చునేది ఎప్పుడూ మొదటి రకమే.

మన దగ్గరే కాదు, అన్ని చోట్లా ఇంతే. అమెరికాలో టెక్నికల్ రైటర్ల సంఘం ఒకటి 1953 నుంచి ఉండేది, ఎస్‌టీసీ అనేవాళ్లు. ఏటేటా పోటీలు పెట్టేవాళ్లు, ఆ అవార్డు రెజ్యూమేలో ఉంటే మా లైన్‌లో గొప్ప. జడ్జీలు కూడా టెక్నికల్ రైటర్లే. రాసేవాళ్లు రాసేవాళ్లకు మార్కులు వేసుకోవడం అన్నమాట. వంటవాళ్లు వంటవాళ్లకు మార్కులు వేసుకుంటే గార్నిష్‌కు విలువ పెరుగుతుంది, ఆకలైనవాడిని ఎవరు అడుగుతారు? ఆ సంఘం 2025 జనవరిలో దివాలా తీసి మూతపడింది. దానికీ పోటీలకూ సంబంధం లేదు లెండి. ఒకప్పుడు నేనూ ఆ అవార్డు కోసం కలలు కన్నాను, అందుకని గుర్తొచ్చింది.

చూస్తే సరిపోదు, వాడి చూడాలి అనడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నిక. ఫ్లోరిడాలో పామ్ బీచ్ కౌంటీలో వయసు పైబడినవాళ్లు ఎక్కువ. వాళ్లకు కనబడాలని అక్కడి ఎన్నికల అధికారి బ్యాలెట్‌లో అక్షరాలు పెద్దవి చేయించింది. దాంతో పేర్లు ఒక పేజీలో పట్టక రెండు పేజీలకు పాకాయి, ఓటేయడానికి పొడవాల్సిన రంధ్రాలు మధ్యలో ఒకే వరుసలో వచ్చాయి. నమూనా ముందే జనానికి పంపారు, పార్టీల వాళ్లూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు, చూడ్డానికి బాగానే ఉంది మరి. ఓటు వేసే రోజు మాత్రం, ప్రధాన అభ్యర్థుల్లో ఒకడైన గోర్‌కు వేద్దామని పోయి, చిన్న పార్టీ అభ్యర్థి బుకానన్ రంధ్రం పొడిచి వచ్చామని జనం మొత్తుకున్నారు. ఆ కౌంటీలో బుకానన్‌కు 3,400 పైచిలుకు ఓట్లు పడ్డాయి. రాష్ట్రం మొత్తం మీద గోర్‌పై బుష్ గెలిచిన తేడా 537 ఓట్లు. ఆ డిజైన్ చేసినామెకు ఉద్దేశం మంచిదే. పదిమంది ముసలివాళ్లను కూర్చోబెట్టి పొడిపించి చూడలేదు, అంతే.

2023లో సులభ భాషకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌వో ప్రమాణం కూడా వచ్చింది. దాని సారం నాలుగు మాటలు: చదివేవాడికి కావాల్సిందే ఉండాలి, అది దొరకాలి, దొరికింది అర్థం కావాలి, అర్థమైంది వాడుకోగలగాలి. మార్కుల షీట్ మీద ఈ నాలుగు రాసుకుంటే చాలు. డ్రోన్‌కు ఇందులో గడి లేదు.

కానీ పిల్లలను తప్పు పట్టి లాభం లేదు. ఈ రోగం పదో తరగతిలోనే అంటుకుంటుంది. సైన్స్ రికార్డు గుర్తుందా? ఎడమ పేజీలో బొమ్మ, కుడి పేజీలో రాత, శీర్షిక కింద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు. ఇంటర్‌లో లోలకం ప్రయోగం రీడింగులు నేను పక్కవాడి రికార్డులోంచి దించాను. వాడు ఎక్కడి నుంచి దించాడో తెలియదు. క్లాసు మొత్తానికి ఒకే లోలకం ఊగినట్టుంది. నా రికార్డు మీద సార్ ఎర్ర ఇంకుతో "నీట్" అని రాశారు. పరీక్షల్లోనూ అంతే, పాయింట్లుగా రాయి, అండర్‌లైన్ కొట్టు, మార్జిన్ వదులు. పేపరు దిద్దే ఆయనకు టైము లేదు, ఆయన కంటికి ఇంపుగా ఉండాలి. ఏళ్ల తరబడి ఇలా పెంచి, ఒక్కసారిగా రైతు కోసం రాయమంటే ఏం చేస్తారు? జడ్జి కంటి కోసమే రాస్తారు. 28 పేజీల టీమ్ తప్పు కాదది. వాళ్లు మార్కుల షీట్‌ను సరిగ్గా చదివారు, అంతే.

ఇక పురుగుమందు డబ్బాల సంగతి ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదు. పోటీల్లో అయితే పోయేది ప్రైజే. ఇక్కడ మనుషులు పోతారు. డబ్బా మీద డైమండ్ ఆకారంలో రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. నీలం అంటే పసుపు కంటే తక్కువ విషం అని ఎవరికి తడుతుంది? ఏ సిగ్నల్ స్తంభం మీద నీలం లైటు చూశాం? ఆకుపచ్చ అంటే ఏమీ కాదనుకుంటారు. కాదు, విషం తక్కువ అని మాత్రమే. లోపలి కాగితం విప్పితే చీమల బారు లాంటి అక్షరాలు. మోతాదు హెక్టారుకు రాసి ఉంటుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే ఏ రైతునైనా నీకు ఎన్ని హెక్టార్లు అని అడిగి చూడండి. ఆయనకు ఎకరాలు తెలుసు, గుంటలు తెలుసు, వీపు మీది 16 లీటర్ల పంపు తెలుసు. హెక్టారుకు 100 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లలో అని ఉందనుకోండి. పంపుకు ఎంత? 3.2 మిల్లీలీటర్లు. ఈ లెక్క ఎండలో పత్తి చేను గట్టు మీద ఎవరు కడతారు? షాపాయన "పంపుకు ఒక మూత పోయి" అంటాడు, అదే వేదం. ఏ మూతో, ఏ డబ్బా మూతో! నన్నడిగితే టెక్నికల్ రైటింగ్ పోటీ పెట్టాల్సింది ఈ ఒక్క లెక్కను ఒక్క వాక్యంలో ఎవరు రాస్తారో చూడడానికి.

సరే, ప్రశ్నకు వస్తాను. ఊరి నుంచి వచ్చాక, కాలేజీ లెక్చరర్ ద్వారా ఆ అమ్మాయిలకు కబురు పంపాను: మీ కాగితం పొలంలో పనిచేసింది, కానీ ఏ ఎర్ర లైటో రాయలేదు అని. సాయంత్రానికల్లా మార్చిన కాగితం వాట్సాప్‌లో వచ్చింది. "నల్ల బటన్ పక్కనున్న చిన్న ఎర్ర లైటు" అని రాసి, చిన్న బాణం గుర్తు పెట్టారు. కింద ఒక లైను: "సార్, ఇప్పుడు మార్కులు మారుతాయా?" జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, అదీ సరైన జవాబు కాదు. ఆ కాగితం ప్రింట్ తీసి పంపిస్తే కాక డబ్బా మూత లోపల ఫెవికాల్‌తో అంటించాడు. అక్కడే ఉంది ఇప్పటికీ.

ఈ ఏడు మళ్లీ జడ్జిగా పిలిచారు. ఒక్క షరతు పెట్టాను: హాల్లో నిజం మోటరు, నిజం స్టార్టర్ పెట్టండి, ఊరి నుంచి ఇద్దరు రైతులను నేనే తీసుకొస్తాను, ఎవరి కాగితం చూసి వాళ్లు మోటరు నడిపితే వాళ్లకే ఫస్ట్ ప్రైజ్. ఆర్గనైజర్ తమ్ముడు చాలా మర్యాదగా విన్నాడు. మరుసటి రోజు ఫోన్ చేసి, "అన్నా, ఆ హాల్లో త్రీ ఫేజ్ లేదట. ప్రొజెక్టర్ అయితే ఉంది" అన్నాడు.